లారెన్స్ ఆఫ్ అరేబియా: మామయ్యతో ఒకసారి, అమ్మాయితో ఒకసారి

మన సినిమాల్లో హీరో ఎంట్రీ అంటే ఈలలు, ఎగిరే కాగితం ముక్కలు, హాలు దద్దరిల్లే మ్యూజిక్. నాకు అన్నిటికంటే ఇష్టమైన ఎంట్రీలో మాత్రం మ్యూజిక్ అనేదే లేదు. ఎడారి మధ్యలో ఒక బావి. దాని దగ్గర ఇద్దరు మనుషులు. ఎక్కడో దూరాన, ఎండకి నేలా ఆకాశం కలిసిపోయి మరుగుతున్న చోట, ఒక నల్లటి చుక్క. ఆ చుక్క కదులుతుంది. అడుగుల చప్పుడు వినీ వినపడనట్టు మొదలవుతుంది. చుక్క సాగుతుంది, వణుకుతుంది, మళ్లీ కుదురుకుంటుంది. చివరికి ఒంటె మీద నల్లబట్టల మనిషి తేలతాడు. తుపాకీ పేలుతుంది. బావి దగ్గరున్న ఇద్దరిలో ఒకడు కూలిపోతాడు. 1962లో వచ్చిన ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’లో ఒమర్ షరీఫ్ తెర మీదికి వచ్చే తీరు అది.

ఈ సినిమా నాకు ఎనభైల మధ్య నుంచీ తెలుసు. కథ చెప్పమంటే సీను సీనుగా చెప్పగలను. కానీ ఆ చుక్కని, అది ఇంకా చుక్కగా ఉన్నప్పటి నుంచీ, సరిగ్గా చూసింది మాత్రం ఈ మధ్యనే. మా అమ్మాయి అమెరికా నుంచి వస్తూ ఈ సినిమా 4కె డిస్కులు, అంటే బొమ్మ చాలా స్పష్టంగా కనిపించేవి, తెచ్చింది. నిడివి ఎక్కువ కాబట్టి రెండు డిస్కుల్లో సర్దారు. ఒక దేశంలో కొన్నది ఇంకో దేశపు ప్లేయర్లో ఆడదనే రీజియన్ గొడవ 4కె డిస్కులకి లేదు, మన ప్లేయర్లో హాయిగా ఆడింది. సంక్రాంతి సెలవుల్లో మామయ్యని కూడా పిలిపించి, కర్టెన్లు వేసి, లైట్లు ఆర్పి కూర్చున్నాం. మామయ్యని పిలవకుండా ఈ సినిమా చూసే ప్రశ్నే లేదు. నాకు దీన్ని చూపించింది ఆయనే.

మామయ్య కాజీపేట లోకో షెడ్‌లో ఫిట్టరుగా చేసేవాడు. చేతిలో రైల్వే పాసు, మనసు నిండా ఇంగ్లీష్ సినిమాల పిచ్చి. ఇంగ్లీష్ పెద్దగా రాదు. “మాటలెందుకురా అల్లుడా, బొమ్మ చూస్తే తెలుస్తది” అనేవాడు. సెలవు దొరికిన ఆదివారం తెల్లవారుజామునే బండెక్కేవాళ్లం. ఆయనకి పాసు, నాకు టికెట్. సికింద్రాబాద్‌లో దిగి స్టేషన్ బయట ఇరానీ హోటల్లో చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. అక్కడి నుంచి నడుచుకుంటూ మార్నింగ్ షోకి. అప్పట్లో పాత ఇంగ్లీష్ సినిమాలు ఎప్పుడు ఏ హాల్లో పడతాయో పేపర్లో చిన్న అక్షరాల్లో వేసేవారు. మామయ్య ఆ మూల కత్తిరించి చొక్కా జేబులో పెట్టుకునేవాడు.

మేం చూసిన ప్రింటు ఎన్ని ఊళ్లు తిరిగి వచ్చిందో గానీ, ఎడారిలో కూడా వాన కురుస్తూనే ఉంది. గీతలు, మచ్చలు, రీలు మారే చోటల్లా సగంలో తెగిపోయే మాటలు. రంగులు వెలిసిపోయి ఇసుకంతా ఎర్రగా కనిపించేది. అయినా ఆ రోజు నోరు తెరుచుకుని చూశాను. ఎనిమిదో తరగతో తొమ్మిదో తరగతో చదువుతున్న కుర్రాడికి అంత ఖాళీ స్థలం ఒకేసారి కళ్ల ముందు పెడితే ఏమవుతుంది! మా ఊళ్లో ఎటు చూసినా ఏదో ఒకటి అడ్డం ఉండేది. చెట్టో, ఇల్లో, గుట్టో. ఇక్కడ చూపు ఆగడానికి ఏమీ లేదు.

హాల్లో ఒక చోట మాత్రం పెద్ద గోల లేచింది. లారెన్స్ వెంట అకబా ఊరి మీదికి బయల్దేరిన అరబ్బుల గుంపులో ఒక తెలిసిన ముఖం. ఐ.ఎస్. జోహర్! ‘జానీ మేరా నామ్’లో మూడు వేషాలేసి కడుపుబ్బ నవ్వించిన మన జోహర్ అక్కడ తలపాగా చుట్టుకుని ఒంటె మీద కూర్చున్నాడు. వెనక బెంచీల నుంచి ఈలలు. మామయ్య మోచేత్తో నన్ను పొడిచి “చూసినవా, మనోడు” అన్నాడు. జోహర్ వేసింది గాసిం అనే పాత్ర. ఆయన వచ్చాడు కదా, ఇక నవ్విస్తాడని అందరం ఎదురు చూశాం. ఆయన ఒక్కసారి కూడా నవ్వించలేదు.

కథ తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెబుతాను. మొదటి ప్రపంచ యుద్ధం. తుర్కీ సామ్రాజ్యం మీద తిరగబడుతున్న అరబ్బుల దగ్గరికి బ్రిటిష్ సైన్యం టి.ఇ. లారెన్స్ అనే యువ అధికారిని పంపిస్తుంది. అకబా రేవు తుర్కుల చేతిలో ఉంది. సముద్రం వైపు నుంచి వెళ్తే ఫిరంగులు. వెనక నుంచి వెళ్లాలంటే నెఫూద్ ఎడారి దాటాలి, అది ఎవరివల్లా కాదంటారు. లారెన్స్ దాటిస్తాడు. చివరి రాత్రి ప్రయాణంలో గాసిం నిద్రమత్తులో ఒంటె మీద నుంచి జారిపడిపోతాడు. తెల్లారి చూస్తే జీను ఖాళీ. వాడి గడువు తీరింది, అలా రాసిపెట్టి ఉంది అంటాడు ఒమర్ షరీఫ్ వేసిన షరీఫ్ అలీ. రాసిపెట్టి ఉండటం అనేదేమీ లేదంటూ లారెన్స్ ఒంటెని వెనక్కి తిప్పుతాడు.

తర్వాత కొన్నేళ్లకి వీసీఆర్ల కాలం వచ్చింది. ఎవరి పెళ్లిలోనో, ఎవరి గృహప్రవేశంలోనో టీవీ, వీసీఆర్ అద్దెకి తెచ్చి రాత్రంతా సినిమాలు వేసేవారు. ఈ సినిమా క్యాసెట్ నేను ఉద్యోగంలో చేరాక దొరికింది. ఎంత ఆశగా వేసుకున్నానో అంత దిగులేసింది. ఈ సినిమా తెర కొలత, వెడల్పుకీ ఎత్తుకీ, 2.20కి 1. అప్పటి టీవీ 1.33కి 1. అంటే ప్రతి ఫ్రేములోనూ నూటికి దాదాపు నలభై వంతులు టీవీకి బయటే ఉండిపోయాయి. ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఒకరి ముక్కు మాత్రం కనిపించేది. ఒంటెల వరసలో తలా తోకా ఉండేవి కావు. బావి దగ్గర సీనులో ఆ చుక్క టేపు మీది మసకలో ఎక్కడుందో తెలిసేదే కాదు. ఒమర్ షరీఫ్ ఉన్నట్టుండి ఊడిపడ్డట్టు వచ్చేవాడు. అందులో భయం లేదు, ఎదురుచూపు లేదు. ఆ సీనుకి ప్రాణం ఆ దూరమే. దూరం తీసేస్తే మిగిలింది ఒక తుపాకీ దెబ్బ.

ఈ సినిమాకి జరిగిన అన్యాయాలు సికింద్రాబాద్ హాలుతోనో టీవీతోనో మొదలవలేదు. 1962 డిసెంబర్ 10న లండన్‌లోని ఒడియన్ లీస్టర్ స్క్వేర్‌లో ఎలిజబెత్ రాణి ముందు మొదటిసారి ప్రదర్శించినప్పుడు దీని నిడివి 222 నిమిషాలు. కొద్ది వారాల్లోనే ఇరవై నిమిషాలు కోసేశారు. డెబ్భైల మొదట్లో మళ్లీ విడుదల చేసినప్పుడు 187 నిమిషాలకి కుదించారు. ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకత్వంతో కలిపి ఏడు ఆస్కార్లు తెచ్చుకున్న సినిమా ఇది. దానికే ఆ గతి పట్టింది. కోసిన ముక్కల్ని ఎవరూ పదిలంగా దాచలేదు.

ఆ ముక్కలు వెతికి సినిమాని మళ్లీ కూర్చే పని ఎనభైల రెండో సగంలో రాబర్ట్ హారిస్ అనే ఆయన నెత్తికెత్తుకున్నాడు. సినిమాని విడుదల చేసిన కొలంబియా కంపెనీ గోదాముల్లో డబ్బా తర్వాత డబ్బా విప్పించి, ఏ ముక్క ఎక్కడిదో పోల్చుకుంటూ కూర్చాడు. ఒరిజినల్ నెగటివ్ అప్పటికే ఎన్నో ప్రింట్లు తీసి తీసి అరిగిపోయింది. హాలీవుడ్ దర్శకులు మార్టిన్ స్కోర్సెసీ, స్టీవెన్ స్పీల్‌బర్గ్ వెనక నిలబడ్డారు. సినిమాని మొదట ఎడిట్ చేసిన ఆన్ కోట్స్ మళ్లీ వచ్చి పనిలో చేరారు. దర్శకుడు డేవిడ్ లీన్‌కి అప్పటికి ఎనభై ఏళ్లు. ఆయనా వచ్చి కూర్చున్నాడు.

నాకు అన్నిటికంటే గుండె పట్టేసే సంగతి గొంతులది. దొరికిన ముక్కల్లో కొన్నిటికి బొమ్మ ఉంది, మాట లేదు. దాంతో పీటర్ ఓ’టూల్‌నీ, అలెక్ గిన్నెస్‌నీ, ఆంథొనీ క్విన్‌నీ, ఆర్థర్ కెన్నెడీనీ పిలిచి పాతికేళ్ల నాటి తమ పెదవుల కదలికకి తామే మళ్లీ మాట చెప్పమన్నారు. అరవైకి దగ్గరవుతున్న ఓ’టూల్ ముప్ఫై ఏళ్లు కూడా నిండని ఓ’టూల్‌కి డబ్బింగ్ చెప్పాడన్నమాట. ముదిరిన గొంతు లేతగా వినిపించేందుకు సౌండ్ వాళ్లు మళ్లీ దాని మీద పని చేశారు. బ్రిటిష్ సేనాధిపతి జనరల్ ఆలెన్‌బీగా వేసిన జాక్ హాకిన్స్ 1973లోనే చనిపోయాడు. ఆయన మాటలు చార్లెస్ గ్రే అనే నటుడు చెప్పాడు. డబ్బింగ్ విలువ మన తెలుగువాళ్లకి వేరే చెప్పాలా? ఆ చోట్లు పట్టుకుందామని చెవులు రిక్కించి కూర్చున్నాను. ఒక్కటి కూడా దొరకలేదు.

1989లో ఆ కూర్పు విడుదలైంది. అది మళ్లీ 222 నిమిషాలు కాలేదు. దొరికిందంతా పెట్టేయకుండా లీన్ కొన్ని చోట్ల తనే కాస్త బిగించాడు. 217 నిమిషాల దగ్గర తేలింది. అది ఆయన హక్కు. వేరేవాళ్లు కోసిన సినిమాని ఆయన చేతే మళ్లీ కుట్టించడం కుదిరిందంటేనే సంతోషం. రెండేళ్లకి, 1991లో, లీన్ పోయాడు. హారిస్ ఇంకొన్నేళ్లు ఆగి మొదలుపెట్టి ఉంటే ఆ గొంతులూ ఉండేవి కావు, ఆ కళ్లూ ఉండేవి కావు.

ఇప్పుడు మా ఇంట్లో ఆడిన డిస్కు వెనక ఇంకో దశ ఉంది. సినిమా యాభై ఏళ్ల సందర్భంగా 2012లో సోనీలో గ్రోవర్ క్రిస్ప్ బృందం ఆ 65 మిల్లీమీటర్ల నెగటివ్‌ని 8కెలో స్కాన్ చేసి, 4కెలో బాగుచేసింది. మామూలు 35 మిల్లీమీటర్ల వెడల్పు సినిమా కంటే దీని ఫ్రేము దాదాపు మూడు రెట్లు పెద్దది. అందులో ఉన్న వివరమంతా లాగాలంటే అంత స్కాన్ కావాలి. లాగితే ఏం బయటపడిందో తెలుసా? జోర్డన్ ఎండలో తీసిన రీళ్ల మీద ఫిల్ము పూత ఎండిపోయి సన్నగా బీటలు వారింది. వెంట్రుకల్లాంటి నిలువు పగుళ్లు. కంప్యూటర్ సాయంతో ఒక్కో ఫ్రేములో వాటిని పూడ్చుకుంటూ వెళ్లారు. ఏ ఎండనైతే చూపించాలని అంత దూరం వెళ్లారో ఆ ఎండే ఫిల్ముని తినేసింది. తెర మీద ఇప్పుడు ఆ ఎండ మిగిలింది, అది చేసిన గాయాలు పోయాయి.

సరే, ఆ రోజు సంగతికి వస్తాను. డిస్క్ వేయగానే నాలుగు నిమిషాలకి పైగా తెర మీద ఏమీ రాదు. చీకట్లో మారిస్ జార్ సంగీతం ఒక్కటే వస్తుంది. దాన్ని ఓవర్చర్ అంటారు. అప్పటి పెద్ద సినిమాలకి ఉండే మర్యాద అది, జనం వచ్చి కుర్చీల్లో సర్దుకునేదాకా. అమ్మాయి రిమోట్ అందుకోబోతే వద్దన్నాను. మామయ్య అప్పటికే కళ్లు మూసుకుని తొడ మీద తాళం వేస్తున్నాడు. మేం సికింద్రాబాద్‌లో చూసినప్పుడు ఇది వేయనే లేదు.

అగ్గిపుల్ల సీను గురించి సినిమా ప్రేమికులు చాలానే రాశారు, నేనూ నాలుగు మాటలు రాయకుండా ఉండలేను. కైరో ఆఫీసులో లారెన్స్ వెలుగుతున్న పుల్లని పెదాల దగ్గరికి తెచ్చి ఉఫ్ మని ఊదుతాడు. మరుక్షణం తెరంతా ఎర్రటి ఆకాశం, ఇంకా సూర్యుడు రాని ఎడారి అంచు. స్క్రిప్టులో ఒక బొమ్మ కరిగి ఇంకో బొమ్మలోకి కలిసేటట్టు రాసుకున్నారు. ఆన్ కోట్స్ నేరుగా కోసి అతికించి చూపిస్తే లీన్‌కి నచ్చింది. క్యాసెట్‌లో అది మామూలు కోతలాగే వెళ్లిపోయేది. ఇప్పుడు ఆ ఆకాశం రంగులో ఎన్ని పొరలున్నాయో కనిపిస్తోంది. అంచు దగ్గర ముదురు ఎరుపు, పైకి పోయేకొద్దీ నారింజ, ఆ పైన పేరు పెట్టలేని రంగు. చూస్తుండగానే అంచు మీద వెలుగు గీత పుడుతుంది. మా అమ్మాయి “నాన్నా, ఇది గ్రాఫిక్సా?” అంది. ఏ గ్రాఫిక్సూ లేవమ్మా, పొద్దున్నే లేచి కెమెరా పెట్టుకుని ఎదురుచూశారు అన్నాను.

ఆ తర్వాత బావి. కెమెరామన్ ఫ్రెడ్డీ యంగ్ ఆ సీను కోసం పానావిజన్ అనే కెమెరాల కంపెనీ నుంచి దూరాన్ని దగ్గర చేసే 482 మిల్లీమీటర్ల లెన్సు తెప్పించుకున్నాడు. జోర్డన్‌లో జఫ్ర్ దగ్గర ఎండిన మట్టి మైదానం మీద, ఒమర్ షరీఫ్‌ని కంటికి ఆననంత దూరం పంపించి, అక్కడి నుంచి ఒంటె మీద రమ్మన్నారు. చుక్క కనిపించగానే నేను చెప్పలేదు. చూద్దాం, వీళ్లకి ఎప్పుడు కనిపిస్తుందో అనుకున్నా. ముందుగా పట్టుకుంది మామయ్య. కంటి ఆపరేషన్ అయిన మనిషి! “అగో, వస్తున్నడు” అన్నాడు మెల్లగా. అప్పటి నుంచి తుపాకీ పేలేదాకా సోఫాలో ఎవరూ కదల్లేదు.

గాసిం సీను గురించి ఎంత రాసినా నాకు తనివి తీరదు. లారెన్స్ వెనక్కి వెళ్లాక ఆయన దగ్గర పనికి చేరిన ఇద్దరు పిల్లల్లో ఒకడు, దావూద్, ఎడారి అంచున ఒంటె మీద కూర్చుని ఎదురు చూస్తుంటాడు. ముందు ఏమీ ఉండదు. ఇసుక, ఎండ. చూస్తూ చూస్తూ ఉంటే మరుగుతున్న గాలిలో ఒక మచ్చ. పిల్లాడికి నమ్మకం కలగదు. ఒంటెని నాలుగడుగులు నడిపిస్తాడు, ఆగుతాడు, మళ్లీ నడిపిస్తాడు. అప్పుడు నడక పరుగవుతుంది. అక్కడ జార్ సంగీతం లేస్తుంది చూడండి! రెండు చుక్కలు రెండు వైపుల నుంచి ఒకదాని వైపు ఒకటి దూసుకొస్తుంటే, మధ్యలో ఉన్న ఖాళీ మొత్తం మనకి కనిపిస్తుండాలి. క్యాసెట్‌లో ఒకసారి ఈ చుక్క, ఒకసారి ఆ చుక్క. మధ్యలో ఉన్నది పోయింది. ఇన్నేళ్ల తర్వాత ఆ మధ్యలో ఉన్నది మా గోడ మీద టీవీలో అంచు నుంచి అంచు దాకా నిలబడితే నా కళ్లు తడిశాయి. లారెన్స్ వెనక నీరసంగా వేలాడుతూ గాసిం వస్తాడు. పెదాల మీద ఎండి అంటుకున్న దుమ్ము కూడా కనిపిస్తోంది.

మంచిరోజు అక్కడితో అయిపోతుంది. అకబా మీద దాడికి ముందు రాత్రి అరబ్బు తెగల మధ్య హత్య జరుగుతుంది. చంపినవాణ్ణి అవతలి తెగవాళ్లు చంపితే పగ పెరుగుతుంది, వదిలేస్తే గుంపు చీలిపోతుంది. నాకు ఏ తెగా లేదు, నేను శిక్షిస్తానంటాడు లారెన్స్. ముద్దాయి తల ఎత్తుతాడు. గాసిం. ఎడారిలో నుంచి మోసుకొచ్చిన మనిషినే తన చేత్తో కాల్చేస్తాడు. చిన్నప్పుడు ఈ సీను దగ్గర హాల్లో మళ్లీ గోల అయింది, మనోణ్ణి చంపేశాడని. ఈసారి నేను జోహర్ ముఖాన్నే చూశాను. బతిమాలుకోవడం లేదు, ఏడుపు లేదు. తనని బతికించిన మనిషి చేతిలో తుపాకీని అలా చూస్తూ ఉండిపోతాడు. హాస్యనటుడిగానే గుర్తుపెట్టుకున్న ఆయనకి ఈ కొద్ది నిమిషాలు చాలు, నటుడిగా నిలబెట్టడానికి.

లారెన్స్ రాసుకున్న ‘సెవెన్ పిల్లర్స్ ఆఫ్ విజ్డమ్’ తర్వాత చదివాను. అందులో వీళ్లిద్దరూ వేర్వేరు మనుషులు. 1917 మార్చిలో లారెన్స్ కాల్చింది హమీద్ అనే అతన్ని. ఎడారిలో తప్పిపోయిన గాసింని వెనక్కి వెళ్లి తెచ్చింది ఆ తర్వాత, అకబా దారిలో. సినిమా ఆ ఇద్దర్నీ ఒక్కణ్ణి చేసి, వరస మార్చింది. చరిత్రకారులకి ఇది తప్పే. సినిమా కథకి మాత్రం ఇంతకంటే గట్టి ముడి దొరకదు. రాత ఏమీ లేదన్నవాడి చేతనే ఆ రాత పూర్తి చేయించారు. స్క్రీన్‌ప్లే రాసినవాళ్లు రాబర్ట్ బోల్ట్, మైకేల్ విల్సన్. విల్సన్ అమెరికాలో కమ్యూనిస్టు ముద్ర పడి, పని ఇవ్వకూడదన్న బ్లాక్‌లిస్టులో ఉన్న రచయిత, 1962లో టైటిల్స్‌లో ఆయన పేరే వేయలేదు. బాగుచేయాల్సినవి నెగటివ్ మీది గీతలొక్కటే కాదన్నమాట. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకి ఆయనకి దక్కాల్సిన గుర్తింపు దక్కింది.

అకబా దాడి కూడా అంతే, చరిత్ర వేరు. 1917 జూలై 6న ఊరు చేతికొచ్చింది, అయితే అసలు పోరాటం అంతకు కొన్ని రోజుల ముందే అబూ అల్ లిసాన్ దగ్గర జరిగిపోయింది. అక్కడ హడావుడిలో లారెన్స్ తన ఒంటె తలలోకి తనే కాల్చేసుకుని కింద పడ్డాడు. సినిమాలో చూసే అకబా ఊరు స్పెయిన్‌లో కార్బొనెరాస్ దగ్గర సముద్రపు ఒడ్డున వేసిన సెట్టు. తెలిసినా ఏం లాభం, గుర్రాలూ ఒంటెలూ ఊరి మీద పడుతుంటే కెమెరా మెల్లగా వాటి వెంటే తిరిగి చివర్లో సముద్రం వైపు తిరిగి ఉన్న ఫిరంగిని చూపించి ఆగుతుంది. ఆ ఒక్క కదలికలో యుద్ధం మొత్తం ఉంది.

ఈ డిస్కులో నాకు కొత్తగా కనిపించినవాటిలో బట్టలు ఒకటి. లారెన్స్ మొదట తెల్లటి అరబ్బు దుస్తులు వేసుకున్నప్పుడు గుడ్డ మందంగా ఉంటుంది. కథ సాగేకొద్దీ అది పలచబడుతూ వస్తుంది. ఫిలిస్ డాల్టన్ అనే డిజైనర్ కావాలనే అలా కుట్టించారు, మనిషి కరిగిపోతున్నాడని. ఇంకోటి బాకు. కొత్త బట్టల్లో మురిసిపోతూ బాకు తళుకులో తన ముఖం చూసుకుంటాడు. చాలా తర్వాత, లొంగిపోతున్న తుర్కుల్ని ఊచకోత కోశాక, రక్తం అంటిన బాకులో మళ్లీ అదే చూపు. పాత ప్రింటులో రక్తమూ తుప్పురంగే, ఇసుకా తుప్పురంగే.

మామయ్యకి అన్నిటికంటే ముఖ్యమైన సీను రైలు పేల్చివేత. సికింద్రాబాద్ హాల్లో ఇంజన్ పట్టాలు తప్పి ఇసుకలోకి ఒరిగిపోతుంటే జనం చప్పట్లు కొడుతున్నారు, ఈయన మాత్రం “అయ్యో, ఇంజన్ ఏం జేసిందిరా పాపం” అన్నాడు. ఇప్పుడు కూడా అక్కడ ఆపమన్నాడు. లేచి టీవీ దగ్గరికి వెళ్లి, కళ్లద్దాలు పైకి తోసుకుని, చక్రాల్నీ రాడ్లనీ చూసి మా అమ్మాయికి ఆవిరి ఎలా తోస్తుందో, ఏది కదిలితే ఏది తిరుగుతుందో వేలితో గీసి చెప్పాడు. అది నిజంగా పడగొట్టిన ఇంజనే, స్పెయిన్‌లో అల్మెరియా ఇసుక దిబ్బల్లో తీశారు. లారెన్స్ పేల్చిన అసలు తుర్కీ రైలుదారి, హెజాజ్ రైల్వే, గేజ్ (పట్టాల మధ్య దూరం) 1,050 మిల్లీమీటర్లు అని నేను అంటే, “మన మీటర్ గేజ్ కంటే అయిదు సెంటీమీటర్లు ఎక్కువ” అని వెంటనే లెక్క చెప్పాడు. దాదాపు 1,300 కిలోమీటర్లు, దమస్కస్ నుంచి మదీనా దాకా, 1908కల్లా వేసేశారు. ఆ ఎడారిలో ఎట్ల వేసిండ్రో అని ఆయన ఆశ్చర్యపోయింది తుర్కుల గురించే. లారెన్స్ పెట్టెల కప్పుల మీద తెల్లబట్టల్లో నడుస్తుంటే అందరూ ఆయన్నే చూస్తారు. మామయ్య చూపు మాత్రం కింద పడున్న ఇంజన్ మీదే.

నాకు ఇబ్బందిగా అనిపించేవి లేవని కాదు. అరబ్బు నాయకులు ఫైసల్‌గా అలెక్ గిన్నెస్, అవుదాగా ఆంథొనీ క్విన్, ముఖాలకి రంగు పూసుకుని. క్విన్ అతికించుకున్న ముక్కు 4కెలో మరీ తెలిసిపోతుంది. ఇంత పెద్ద సినిమాలో ఒక్క ఆడమనిషికి కూడా మాట లేదు. మా అమ్మాయి ఇంటర్వెల్లోనే అడిగింది. నా దగ్గర సమర్థించే మాట లేదు, సమర్థించలేదు కూడా.

అమ్మాయే ఇంకో ప్రశ్న వేసింది. ఆలెన్‌బీ సైన్యం అంటున్నారు, మనవాళ్లు లేరా అందులో అని. ఎందుకు లేరు! సినిమాలో కనిపించరు గానీ, పాలస్తీనాలో ఆలెన్‌బీ కింద భారతీయ దళాలు బోలెడు. 1918 సెప్టెంబర్ 23న హైఫా పట్టుకున్న బ్రిగేడ్ మన సంస్థానాల గుర్రపు దళాలది. జోధ్‌పూర్, మైసూర్, వాటితోపాటు మన హైదరాబాద్ లాన్సర్స్. మరో వారం రోజులకి, సినిమా చివర్లో చూసే దమస్కస్ పడిపోయింది. లారెన్స్ తన దాడుల్లో వెంట ఉన్న భారతీయ మెషిన్‌గన్ జవాన్ల గురించి పుస్తకంలో రాశాడు. యుద్ధం తర్వాత పేరు మార్చుకుని వైమానిక దళంలో మామూలు ఉద్యోగిగా 1927, 28 సంవత్సరాల్లో అప్పటి మన దేశంలోనే ఉన్న కరాచీలో, మీరన్‌షాలో గడిపాడు కూడా. మామయ్య ఇదంతా విని “మరి మన లాన్సర్లని ఎందుకు చూపియ్యలే?” అన్నాడు. చూపించి ఉంటే ఆ మార్నింగ్ షోలో ఈలలు ఏ స్థాయిలో పడేవో.

ఢిల్లీలో తీన్ మూర్తి కూడలి దగ్గర ఉన్న మూడు కంచు విగ్రహాలు ఆ మూడు సంస్థానాల దళాలకి గుర్తుగా 1922లో పెట్టినవే. నేను దాని పక్క నుంచి ఆటోలో చాలాసార్లు పోయాను, ఎప్పుడూ దిగలేదు. ఎండాకాలంలో ఆఫీసు పని మీద మళ్లీ ఢిల్లీ వెళ్లాలి. ఈసారి దిగుతాను. హైదరాబాద్ జవాను ఎవరో చూసి దగ్గర నుంచి ఫోటో తీసి పంపమని మామయ్య ఇప్పటికి రెండుసార్లు ఫోన్ చేశాడు.